‘ముందు డబ్బు’ సూత్రం అమ్మకందారును కాపాడదు

డొమైన్ అమ్మకంలో పేరు కొనేవారి ఖాతాలోకి వెళ్లాలి, డబ్బు అమ్మేవారి ఖాతాలోకి రావాలి. రెండూ ఒకే క్షణంలో జరగవు కనుక ఎవరో ఒకరు ముందు అడుగు వేయక తప్పదు. ఆ అడుగు కొనేవారిదే కావాలన్నది ఈ వ్యాపారంలో అందరి నోటా వినిపించే సూత్రం: ముందు డబ్బు, తర్వాత డొమైన్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పక్క ఆదాయానికి పది ఇరవై పేర్లు కొనిపెట్టుకున్నవారికీ, అమెరికాలో వందల పేర్లతో పూర్తికాలం ఇదే పని చేసేవారికీ అందే మొదటి సలహా ఇదే.

ఈ సలహా వెనక ఉన్న వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పేరు తన చేతిలో ఉన్నంతకాలం పైచేయి అమ్మేవారిదే. డబ్బు ఖాతాలో కనబడేదాకా బదిలీకి కావాల్సిన ఆథ్ కోడ్ బయటపెట్టకపోతే ఎగ్గొట్టడానికి ఎవరికీ వీలుండదు. డబ్బు కట్టి పేరు అందక మోసపోయిన కొనుగోలుదార్లు నిజంగానే ఎందరో ఉన్నారు గనుక, ప్రమాదమంతా కొనేవారి పక్షానే ఉందనిపిస్తుంది. ఏదైనా తేడా వచ్చినా బదిలీ జరిగినట్టు రికార్డు ఉంటుంది, పేరు నమోదు చేసే రిజిస్ట్రార్ ఉన్నాడు, పైన డొమైన్ల వ్యవస్థను చూసుకునే సంస్థ ఐకాన్ ఉంది, ఇంకా అనుమానమైతే డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచే ఎస్క్రో ఉంది. ఇన్ని ఉన్నా ఒక అమ్మకందారు మోసపోయారంటే అది వారి అజాగ్రత్త, లేదా అత్యాశ. వాదం ఇంతే. ఇందులో ప్రతి మెట్టూ చూడటానికి గట్టిగానే ఉంటుంది. కాలు పెడితే ఒక్కటీ నిలవదు.

1. ఖాతాలో పడిన డబ్బు ఇంకా సొంతం కాలేదు

‘ముందు డబ్బు’ అన్నది నగదు కాలపు ఆలోచన. నోటు చేతికి వచ్చాక ఇచ్చినవాడు దాన్ని వెనక్కి లాక్కోలేడు. కార్డు మీదో పేపాల్ ద్వారానో వచ్చిన డబ్బుకు ఆ గుణం లేదు, అది షరతు మీద వచ్చిన డబ్బు. పేపాల్ నిబంధనల ప్రకారం డబ్బు కట్టినవారు 180 రోజుల్లోపు వివాదం లేవనెత్తవచ్చు. కార్డు మీద కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి లాగే చార్జ్‌బ్యాక్‌కు కార్డు కంపెనీల గడువు సాధారణంగా 120 రోజులు. సరుకు అందాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టే సందర్భాల్లో అది ఇంకా సాగుతుంది.

మరి పేరు వెళ్లిపోవడానికి ఎంతసేపు పడుతుంది? ఇద్దరికీ ఒకే రిజిస్ట్రార్ దగ్గర ఖాతాలుంటే నిమిషాల పని, వ్యాపారంలో దీన్ని ‘పుష్’ అంటారు. వేరే రిజిస్ట్రార్‌కు మారాలంటే పాత రిజిస్ట్రార్ స్పందించడానికి ఉన్న గడువు ఐదు రోజులు. అమ్మేవారు ఇచ్చింది వారంలోపు చేయి దాటిపోతుంది, పుచ్చుకున్నది మాత్రం ఆరు నెలలదాకా తాత్కాలికం. మోసమంతా ఈ రెండు గడువుల మధ్య ఉన్న ఖాళీలోనే జరుగుతుంది. ఎవరు ముందు ఇచ్చారన్న ప్రశ్నకు ఇక్కడ విలువ లేదు. ఎవరిచ్చింది వెనక్కి తీసుకోవచ్చు అన్నదే అసలు ప్రశ్న, ఆ ప్రశ్నను ‘ముందు డబ్బు’ సూత్రం అడగనే అడగదు.

మామూలుగా జరిగే తీరు ఇది. మోసగాడు దొంగిలించిన కార్డుతోనో, ఎవరిదో కొల్లగొట్టిన పేపాల్ ఖాతాతోనో డబ్బు కడతాడు. చాలాసార్లు బేరం పెద్దగా ఆడడు, తొందర మాత్రం పెడతాడు. అమ్మేవారు సూత్రం ప్రకారమే ఖాతా చూసుకుని, డబ్బు పడిందని ధ్రువపరచుకుని, పేరు పంపుతారు. కొన్ని వారాల తర్వాత కార్డు అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసి బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. అతడి తప్పేమీ లేదు, అతడి డబ్బు తిరిగి ఇవ్వడం బ్యాంకు ధర్మమే. ఆ డబ్బును బ్యాంకు తన జేబులోంచి ఇవ్వదు, పుచ్చుకున్నవారి దగ్గర్నుంచి లాగుతుంది. ఈ కథలో సూత్రాన్ని అక్షరాలా పాటించి, రెండూ పోగొట్టుకున్న ఏకైక వ్యక్తి అమ్మకందారు. దొంగ కార్డు కూడా అక్కర్లేకుండా, తన సొంత కార్డుతోనే కొని, పేరు అందాక ‘నాకేమీ అందలేదు’ అని ఫిర్యాదు చేసే రకం వేరే ఉంది.

భారతదేశంలోని అమ్మకందారుకు దీనిపై మరో చిక్కు. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ ఇక్కడ దేశీయ చెల్లింపులు మానేసింది. విదేశాల నుంచి వచ్చే డబ్బుకే అది పనిచేస్తుంది. కాబట్టి పేపాల్‌లో కట్టే కొనుగోలుదారు తప్పనిసరిగా వేరే దేశంవాడే, చార్జ్‌బ్యాక్ వస్తే తేల్చేది అక్కడి కార్డు బ్యాంకే. పైగా ఇక్కడి ఖాతాలో పడిన సొమ్ము దానంతటదే స్థానిక బ్యాంకు ఖాతాకు వెళ్లిపోతుంది. నాలుగు నెలల తర్వాత చార్జ్‌బ్యాక్ వచ్చేసరికి పేపాల్ నిల్వ సున్నా, అది కాస్తా మైనస్‌లోకి జారుతుంది. బాకీ తీర్చేదాకా ఖాతా వాడుకోవడానికి ఉండదు. తర్వాత రావాల్సిన సక్రమమైన అమ్మకాల డబ్బు కూడా ఆ గుంతలోకే పోతుంది.

పేపాల్‌లో వ్యక్తిగత చెల్లింపులకున్న ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ పద్ధతిలో డబ్బు పంపించుకుంటే వివాదం రాదన్న చిట్కా ఒకటి తిరుగుతోంది. కొనుగోలుదారు రక్షణ ఆ పద్ధతికి వర్తించదన్నది నిజమే. కానీ ఖాతానే దొంగిలించి పంపిన డబ్బుకూ, వెనక కార్డు ఉన్న చెల్లింపుకూ ఆ కవచం లేదు. పైగా వ్యాపార చెల్లింపును వ్యక్తిగతమని చూపడం పేపాల్ నిబంధనలకే విరుద్ధం. గొడవ తలెత్తిననాడు మొదట దోషిగా తేలేది ఈ చిట్కా పాటించిన అమ్మకందారే.

కాగితం చెక్కులతోనూ ఇదే జరిగేది, ఇప్పటికీ జరుగుతోంది. అమెరికాలో బ్యాంకులు చెక్కు పూర్తిగా తేలకముందే సొమ్మును వాడుకోనిస్తాయి. అది నకిలీ అని వారాల తర్వాత తెలిస్తే ఖాతాదారే కట్టుకోవాలి.

2. బదిలీ రికార్డు రుజువుగా నిలవదు

పేరు పంపినట్టు రిజిస్ట్రార్ దగ్గర చరిత్ర ఉంటుంది, అది చూపిస్తే వివాదం గెలవవచ్చన్నది తర్వాతి ధీమా. పుస్తకమో చీరో పంపినవారికి కొరియర్ రసీదు, చిరునామా, అందుకున్నవారి సంతకం ఉంటాయి. చెల్లింపు సంస్థల నియమాలు అలాంటి సరుకును ఊహించుకుని రాసినవే. పేపాల్ అమ్మకందారు రక్షణ చాలాకాలం పార్సిల్‌లో వెళ్లే వస్తువులకే పరిమితమైంది. కొనుగోలుదారు రక్షణను మాత్రం 2015లోనే కంటికి కనబడని సరుకులకూ విస్తరించారు. ఒకే అమ్మకంలో ఒక పక్షానికి గొడుగు పట్టి, రెండో పక్షాన్ని వానలో నిలబెట్టిన ఏర్పాటు ఇది. తర్వాత వచ్చిన సడలింపులకూ షరతులున్నాయి.

రికార్డు అయినా ఏం చెబుతుంది? ఒకప్పుడు డొమైన్ల నమోదు వివరాలు చూపే హూయిజ్‌లో వెతికితే యజమాని పేరు, చిరునామా కనబడేవి. ఐరోపా గోప్యతా చట్టం జీడీపీఆర్ 2018 మే 25న అమల్లోకి వచ్చాక ఆ వివరాలను చాలావరకు దాచేశారు. 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ లాంటి సాధారణ డొమైన్లకు హూయిజ్ స్థానంలో ఆర్‌డాప్ అధికారికంగా వచ్చింది, దాచిన వివరాలు దాచినట్టే ఉన్నాయి. గోప్యత మంచిదే. అయితే ‘ఫలానా వ్యక్తికి పేరు చేరింది’ అని బయటివారికి చూపించడానికి అమ్మేవారి చేతిలో మిగిలింది ఒక ఈమెయిలూ ఒక స్క్రీన్‌షాటూ మాత్రమే. కార్డు బ్యాంకులో ఫైలు చూసే ఉద్యోగికి ఆథ్ కోడ్ అంటే ఏమిటో తెలిసి ఉండాలని కూడా లేదు.

అంతకన్నా పెద్ద లోపం తర్కంలోనే ఉంది. పేరు అందిందన్న రుజువు ‘నాకు అందలేదు’ అన్న ఫిర్యాదుకు జవాబు. ‘నేను కొననే లేదు’ అన్న ఫిర్యాదుకు అది జవాబు కాదు. కార్డు దొంగిలించిన వాడికి పేరు భద్రంగా అందిందని నిరూపిస్తే కార్డు యజమాని వాదం చెక్కుచెదరదు. నిజానికి దొంగకే అప్పగించామని అమ్మేవారు తమ చేతులతో తామే రాసిచ్చినట్టవుతుంది.

3. డబ్బు వెనక్కి పోతే పేరు వెనక్కి రాదు

డబ్బు లాగేసుకుంటే పేరూ లాగేసుకోవచ్చు కదా అన్నది న్యాయంగా తోచే ఆశ. అయితే డబ్బును వెనక్కి లాగే యంత్రాంగానికీ పేరును వెనక్కి ఇచ్చే యంత్రాంగానికీ సంబంధమే లేదు. బ్యాంకు తన తీర్పును రిజిస్ట్రార్‌కు పంపదు. రిజిస్ట్రార్‌కు ఆ తీర్పుతో పనీ లేదు.

ఐకాన్ దగ్గర వివాదాల పరిష్కార పద్ధతులు లేకపోలేదు. 1999లో వచ్చిన యూడీఆర్‌పీ ట్రేడ్‌మార్కు వివాదాల కోసం. దాని ప్రకారం ఫిర్యాదు చేయాలంటే ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు హక్కు ఉండాలి. వాణిజ్యం కోసం కొనిపెట్టుకున్న మామూలు పదానికి అది ఉండదు. డాట్ ఇన్ పేర్లకు, వాటిని నిర్వహించే సంస్థ నిక్సీ నడిపే ఐఎన్‌డీఆర్‌పీ కూడా ఆ కోవలోనిదే. బదిలీ వివాద విధానం ఇంకొకటి ఉంది, అది రిజిస్ట్రార్లు బదిలీ నియమాలు పాటించారా లేదా అని మాత్రమే చూస్తుంది. యజమాని స్వయంగా తాళం తీసి, కోడ్ ఇచ్చి, ఆమోదం తెలిపితే నియమాలన్నీ పాటించినట్టే. అక్కడ మోసం జరిగింది బదిలీలో కాదు, ధరలో. ధర ఐకాన్‌కు సంబంధించిన విషయం కాదు.

ఈ సందర్భంలో ఐకాన్ బదిలీ విధానంలోని ఒక అంశం చదవదగ్గది. ఒక పేరును వేరే రిజిస్ట్రార్‌కు వెళ్లనివ్వకుండా ఆపడానికి ప్రస్తుత రిజిస్ట్రార్‌కు ఉన్న కారణాల్లో, రిజిస్ట్రేషన్ రుసుము చెల్లించకపోవడం ఒకటి. కార్డు చార్జ్‌బ్యాక్ వల్ల రుసుము వెనక్కి పోవడం కూడా అందులోకే వస్తుందని అక్కడే స్పష్టంగా రాశారు. చార్జ్‌బ్యాక్ అనే ప్రమాదం ఈ వ్యవస్థను రాసినవారికి తెలియదని ఎవరూ అనలేరన్నమాట. ఏడాదికి వెయ్యో పదిహేను వందలో ఉండే తన రుసుము కోసం రిజిస్ట్రార్ పేరును పట్టి ఉంచవచ్చు. అదే పేరును లక్షలకు అమ్మి, ఆ లక్షలు చార్జ్‌బ్యాక్‌లో పోగొట్టుకున్న యజమాని కోసం పట్టి ఉంచాలన్న నియమం ఒక్కటీ లేదు. అమ్మకందారు ఫిర్యాదు రాస్తే వచ్చే జవాబు మాత్రం ముందే తయారై ఉంటుంది: ఇది మీ ఇద్దరి మధ్య ప్రైవేటు వివాదం, కోర్టు ఉత్తర్వు తెండి.

బదిలీ జరిగాక 60 రోజుల తాళం ఉంటుంది కదా అనే ప్రశ్న వస్తుంది. రిజిస్ట్రార్ మారిన తర్వాత మళ్లీ 60 రోజులు మారనివ్వకపోవడం ఉన్నమాటే. యజమాని వివరాలు మారినప్పుడు పడే తాళాన్ని మాత్రం చాలా రిజిస్ట్రార్లు ముందే వద్దనుకునే వీలు ఇస్తారు. ఎలా చూసినా 60 రోజులు 180 కన్నా తక్కువ. దొంగలకు ఓపిక కూడా ఎక్కువే. పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషకు చెందిన పెర్ల్ డాట్ కామ్ 2021 జనవరి చివర్లో చేయి జారినట్టు బయటపడింది. దర్యాప్తు చేసినవారు తేల్చిందేమిటంటే, అసలు చొరబాటు అంతకు నెలల ముందే, 2020 సెప్టెంబరులోనే జరిగింది. పేరును ఒక రిజిస్ట్రార్ నుంచి మరొకరికి, అక్కడి నుంచి ఇంకొకరికి తిప్పారు, సర్వర్ల వివరాలను మాత్రం చివరిదాకా మార్చలేదు. తర్వాత అది 1,90,000 డాలర్లకు అమ్మకానికి కనబడింది. పేరు ప్రఖ్యాతమైనది, వెనక పెద్ద సమాజం ఉంది, అందుకే కొద్ది రోజుల్లో తిరిగి వచ్చింది. చెల్లింపు మోసంలో పేరు పోగొట్టుకున్న సామాన్యుడి వెనక అలాంటి సమాజం ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, పెర్ల్ డాట్ కామ్ యజమాని ఎవరికీ కోడ్ ఇవ్వలేదు.

ఈ తేడా కోర్టుల్లోనూ కీలకమే. డొమైన్ పేరు ఆస్తి అని న్యాయస్థానాలు ఎప్పుడో ఒప్పుకున్నాయి. సెక్స్ డాట్ కామ్ పేరును 1994లో నమోదు చేసుకున్న గ్యారీ క్రెమెన్ నుంచి 1995లో స్టీఫెన్ కోహెన్ ఫోర్జరీ ఉత్తరంతో కాజేశాడు. పేరు తిరిగి రావడానికి 2000 నవంబరు దాకా పట్టింది. 2001లో 6.5 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది, కోహెన్ మెక్సికో పారిపోయాడు. పేరును అప్పనంగా ఇచ్చేసిన రిజిస్ట్రార్‌ను కూడా బాధ్యుణ్ని చేయవచ్చని 2003లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ కోర్టు చెప్పింది. మన దగ్గర సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేర్లకు ట్రేడ్‌మార్కు లక్షణాలున్నాయని, వాటికి రక్షణ ఉంటుందని తేల్చింది. ఈ తీర్పులు చూపించి ధైర్యం చెప్పేవాళ్లు ఒక విషయం దాటవేస్తారు. క్రెమెన్ సమ్మతి ఇవ్వలేదు, ఉత్తరం దొంగది. చెల్లింపు మోసంలో అమ్మేవారు సమ్మతి ఇచ్చారు, ఆ సమ్మతిని మోసంతో రాబట్టారు. భారత కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటి ఒప్పందం రద్దు చేసుకోదగినది, మొదటినుంచీ చెల్లనిది కాదు. రద్దు చేసేలోపు మోసగాడు పేరును నిజాయితీగల మూడోవ్యక్తికి అమ్మేస్తే? సరుకుల విషయంలో వస్తు విక్రయ చట్టం 29వ సెక్షన్ ఆ మూడోవ్యక్తి పక్షానే నిలుస్తుంది. డొమైన్‌కు ఆ సెక్షన్ వర్తిస్తుందా అన్నది వాదించుకోవాల్సిన విషయమే, కానీ గాలి వీచే దిశ అమ్మకందారుకు అనుకూలం కాదు. ఇక 50 వేల రూపాయల పేరు కోసం మరో దేశంలో దావా వేసేవారెవరు? మోసగాడికి ఈ లెక్క బాగా తెలుసు. అతడు ఎంచుకునేవి చాలావరకు అటువంటి మధ్య తరగతి ధరలే.

4. వెనక్కి పోని డబ్బుకూ మెలికలున్నాయి

కార్డూ పేపాలూ వద్దు, బ్యాంకు బదిలీయో యూపీఐయో క్రిప్టోనో తీసుకుంటే చాలు అన్నది సూత్రానికి వేసిన అతుకు. ఇందులో కొంత నిజముంది. బ్యాంకుల మధ్య నేరుగా వచ్చిన వైర్ ట్రాన్స్‌ఫర్ కార్డులా సులువుగా వెనక్కి పోదు. అయితే కొనేవాడు పంపే స్విఫ్ట్ కాగితం ఫొటో డబ్బు వచ్చినట్టు కాదు. ఆ కాగితం తయారు చేయడం పెద్ద పనేం కాదు. బ్యాంకే స్వయంగా జమ అయిందని చెప్పాలి.

యూపీఐ విషయంలో ప్రమాదం వేరే దారిన వస్తుంది. క్యూఆర్ పంపి ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది’ అనే మోసం పాతబడింది, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని చాలామందికి తెలిసింది. ఇప్పటి చిక్కు స్తంభించిన ఖాతాలది. వేరే ఎవరినో మోసగించి రాబట్టిన డబ్బుతో ఒకడు విజయవాడలోని వ్యక్తి దగ్గర పదివేలకు డొమైన్ కొన్నాడనుకుందాం. బాధితుడు మరో రాష్ట్రంలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తాడు. ఆ సొమ్ము ఏయే ఖాతాల గుండా పోయిందో చూసి బ్యాంకులు వరసగా ఆ ఖాతాలను ఆపుతాయి. అందులో డొమైన్ అమ్మినవారి జీతం ఖాతా కూడా ఉంటుంది. ఒకప్పుడు సీఆర్‌పీసీ 102, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 106వ సెక్షన్ పోలీసులకు ఈ అధికారం ఇస్తున్నాయి. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి, ఆచరణలో ఖాతా మొత్తం ఆగిపోయిన వాళ్ల ఫిర్యాదులూ ఉన్నాయి. తాను అమ్మింది నిజమైన సరుకేనని ముక్కూమొహం తెలియని ఠాణాకు నిరూపించే భారం పదివేలకు పేరు అమ్మినవారి మీద పడుతుంది. యూపీఐ చెల్లింపు వెనక్కి పోలేదు, నిజమే. వాడుకోవడానికి కూడా మిగల్లేదు.

క్రిప్టోకు తిరుగులేదన్న మాట కూడా సగమే. టెథర్ లాంటి నాణేలను జారీ చేసిన సంస్థే ఫలానా చిరునామాలోని నిల్వను స్తంభింపజేయగలదు, ఎన్నోసార్లు చేసింది. పన్ను, విదేశీ మారక నిబంధనల చిక్కులు సరేసరి.

5. ‘ఎస్క్రో ఉందిగా’ అనేది సగం జవాబే

సూత్రానికి ఉన్న లోపాలన్నీ ఒప్పుకున్నవారు చివరికి చేరేది ఇక్కడికే. డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంటుంది, పేరు అందిందని కొనేవారు ఒప్పుకున్నాకే విడుదల అవుతుంది. చార్జ్‌బ్యాక్ వస్తే ముందు నష్టపోయేది మధ్యవర్తే. నిజమైన ఎస్క్రో అంత పనీ చేస్తుంది. కానీ ‘ఎస్క్రో వాడండి’ అనే రెండు మాటల సలహా చాలా ప్రశ్నలను మింగేస్తుంది. ఏ ఎస్క్రో? దాన్ని సూచించిందెవరు? అందులోకి డబ్బు ఏ దారిన వచ్చింది?

కొనేవాడే ఒక ఎస్క్రో లింకు పంపి, ‘అక్కడ డబ్బు వేసేశాను, చూసుకోండి’ అంటే అది చాలావరకు వాడి సొంత వెబ్‌సైటే. బొమ్మలూ, లైసెన్సు నంబర్లూ అచ్చం అసలువాటిలాగే ఉంటాయి. కాలిఫోర్నియాలో ఎస్క్రో సంస్థలకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ ఇలాంటి నకిలీల గురించి హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంది. 1999లో మొదలై ఈ రంగంలో అందరికీ తెలిసిన ఎస్క్రో డాట్ కామ్‌కే 2020 మార్చిలో చేదు అనుభవం ఎదురైంది. దాని డొమైన్ ఉన్న రిజిస్ట్రార్ గోడాడీలో ఒక ఉద్యోగిని ఫిషింగ్‌తో బోల్తా కొట్టించి, దాడిచేసినవాళ్లు ఎస్క్రో డాట్ కామ్ తొలి పేజీ స్థానంలో తమ రాతలు పెట్టారు. ఖాతాదారుల డబ్బుకు నష్టం కలగలేదు. అయినా డొమైన్ అమ్మకాలకు కాపలా కాసే సంస్థ డొమైనే గంటలపాటు చేయి జారిందన్నది చిన్న విషయం కాదు.

పెద్ద వేదిక మీద అమ్మితే భద్రమనే మాటకు కూడా హద్దుంది. స్నాప్‌నేమ్స్ అనే పేరున్న వేలం సంస్థలో ‘హాల్‌వారెజ్’ అనే ఖాతాతో వేలంపాటలు పాడుతున్నది ఆ సంస్థ సొంత ఉద్యోగేనని 2009లో బయటపడింది. ఆ పాటలు 2005 నుంచీ సాగాయి. సంస్థే ఆ విషయం బయటపెట్టి, నష్టపోయినవారికి డబ్బు తిరిగి ఇస్తానంది. అప్పటిదాకా సుమారు నాలుగేళ్లు ఆ వేదికను నమ్మినవారంతా ‘పెద్ద సంస్థ’ అనే నమ్మకంతోనే ఉన్నారు.

6. అత్యాశ సిద్ధాంతం

మోసపోయినవారు ఆశపోతులే అన్న మాటకు ఆధారంగా చూపేది సాధారణంగా ‘విలువ ధ్రువపత్రం’ మోసం. అపరిచితుడు ఒకడు మామూలు పేరుకు భారీ ధర ఇస్తానంటాడు, ఒక ఫలానా సంస్థ నుంచి విలువ ధ్రువపత్రం తెమ్మంటాడు, ఆ పత్రానికి రుసుము కట్టగానే మాయమవుతాడు. ఆ సంస్థా అతడిదే. ఇందులో ఆశ పాత్ర ఉంది. చార్జ్‌బ్యాక్ మోసంలో మాత్రం ఆశకు చోటెక్కడ? అక్కడ మోసగాడు ఇచ్చేది సంత ధరే, ఒక్కోసారి బేరమాడి తక్కువకే తీసుకుంటాడు, అనుమానం రాకూడదు కదా. పీ2పీ డాట్ కామ్ ఉదంతం చూసినా సరే: 2006లో న్యూజెర్సీకి చెందిన ఒకడు యజమానుల ఈమెయిలు ఖాతాలోకి చొరబడి పేరు కాజేసి, ఈబేలో బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మార్క్ మ్యాడ్సెన్‌కు లక్ష డాలర్లకు పైగా అమ్మాడు. అతడికి 2011లో ఐదేళ్ల జైలుశిక్ష పడింది. అసలు యజమానులూ, డబ్బు కట్టిన క్రీడాకారుడూ ఇద్దరూ బాధితులే, ఇద్దరిలో అత్యాశపరులెవరూ కనబడరు.

ఈ నింద వల్ల జరిగే హాని మరొకటి. తప్పు తమదేనని నమ్మినవారు ఫిర్యాదు చేయరు. ఫిర్యాదులు లేకపోతే రిజిస్ట్రార్ల దృష్టిలో సమస్యే లేదు. సమస్య లేదు గనుక నియమం మారదు. మారని నియమాన్ని చూపి మళ్లీ అమ్మకందారుకే జాగ్రత్తలు చెబుతారు. ఒక వ్యవస్థ తాను రాసుకోవాల్సిన నిబంధనను బాధితుల స్వభావం మీదికి నెట్టేసింది.

7. ఉండాల్సిన సూత్రం

‘ముందు డబ్బు’ స్థానంలో రావాల్సింది ‘తిరుగులేని డబ్బు’. కార్డుతోనో పేపాల్‌తోనో నేరుగా చేసే డొమైన్ అమ్మకం, రుజువులు ఎన్ని దాచుకున్నా, అమ్మేవారు కొనేవారికి ఆరు నెలల పూచీ లేని అప్పు ఇవ్వడమే. పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డ మొత్తానికి తప్ప ఆ దారి తగదు. అంతకు మించిన ధరకు డబ్బు వైర్ ద్వారా రావాలి, అది జమ అయిందని బ్యాంకే ధ్రువపరచాలి. లేదా అమ్మేవారు ఎంచుకున్న, లైసెన్సు సరిచూసుకున్న, చిరునామా తామే టైపు చేసి తెరిచిన ఎస్క్రో ద్వారా రావాలి. వాయిదాల మీద అమ్మేటప్పుడు చివరి వాయిదా తిరుగులేనిదయ్యేదాకా పేరు అమ్మేవారి ఖాతాలోనే ఉండి, కొనేవారికి వాడుకునే హక్కు మాత్రమే దక్కాలి. ధర వెనక్కి పోతే పేరూ వెనక్కి రావాలన్న షరతు కాగితం మీద ఉండాలి. ఆ షరతు రిజిస్ట్రార్‌ను కదిలించకపోయినా కోర్టులో నిలబడటానికి కాలు పెట్టే చోటు ఇస్తుంది.

ఇదంతా అమ్మేవారు చేయగలిగింది. మిగతాది నియమం రాసేవారి పని. బదిలీ అయిన పేరుకు సంబంధించిన చెల్లింపు వెనక్కి పోయిందని బ్యాంకు పత్రంతో సహా ఫిర్యాదు వస్తే, నిర్ణీత రోజులు ఆ పేరును కదలనివ్వకుండా ఆపే బాధ్యత రిజిస్ట్రార్‌కు ఉండాలి. అసాధ్యమని చెప్పడానికి వీల్లేదు. తమ రుసుము చార్జ్‌బ్యాక్ అయితే పేరును ఆపే అధికారం ఐకాన్ విధానంలో రిజిస్ట్రార్లకు ఇప్పటికే ఉంది. దాన్ని యజమాని ధరకూ వర్తింపజేయమనడం కొత్త కోరిక కాదు. నిక్సీ డాట్ ఇన్ పేర్ల విషయంలో ఆ పని ముందుగా చేయవచ్చు, దానికి ఐకాన్ అనుమతి కూడా అక్కర్లేదు. ఆ నియమం వచ్చేదాకా, వివాద గడువు ముగియని డొమైన్ డబ్బును ఏ అమ్మకందారూ ఆదాయం కింద రాసుకోకూడదు.